దీపపు చమురుతో దాటిన సముద్రం

"అత్తా, మనింట్లో ఆముదం ఉందా?" అంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు మా అన్నయ్య కొడుకు.

ఇంజనీరింగు చదువుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు పొద్దున్నే ఆముదం అడిగితే ఎవరి బుద్ధయినా ఒక్కచోటికే పోతుంది. "ఏరా, కడుపులో బాగాలేదా?" అన్నాను కంగారుగా.

"నాక్కాదత్తా, విమానానికి!" అన్నాడు వాడు.

అసలు సంగతేమిటంటే, వాడు ఎవరి దగ్గరో పాత ఇంజను ఒకటి కొనుక్కొచ్చాడు. మరీ పెద్దదేం కాదు, గజనిమ్మకాయంత ఉంటుంది. పల్చటి బాల్సా కర్రతో తను చేసిన బొమ్మ విమానానికి దాన్ని బిగించి, స్కూటరులోంచి కాస్త పెట్రోలు తీసి పోసి, ప్రొపెల్లరు తిప్పాడు. తిరగలేదు. వేలు వాచేదాకా తిప్పాడు. ఉహూఁ! మామూలు పెట్రోలు దానికి ఆనలేదేమోననుకుని, బంకుకి వెళ్లి లీటరుకి ఎక్కువ డబ్బులిచ్చి ఖరీదైన రకం తెచ్చి పోశాడు. అప్పుడూ తిరగలేదు. ఎవరో పెద్దాయన చూసి, "దీనికి పెట్రోలేమిటోయ్, ఆముదం కావాలి గాని!" అని నవ్వి వెళ్లిపోయాడట.

"ఖరీదైంది పోశాను కదత్తా, మరి ఎందుకు తిరగదు?" అని వాడి బాధ.

ఇంజన్ల సంగతి నాకేం తెలుసు? కాలేజీలో నేను చదువుకున్నది చరిత్ర. కాని ఆ ప్రశ్న మాత్రం నాకు బాగా తెలిసిన ప్రశ్నే. ఖరీదు ఎక్కువైతే సరుకు మంచిదనీ, మంచిదైతే మన ఒంటికి సరిపడి తీరుతుందనీ అనుకుని మనమెన్ని కొనలేదు! వాడికి ఆముదం సీసా ఇచ్చి పంపించానే గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంత చిన్న ఇంజనుకి ఏ చమురు పొయ్యాలన్న సంగతి వెతుక్కుంటూ పోతే, నూట పాతికేళ్ల చరిత్ర తీగ లాగినట్టు వచ్చింది. ఆ తీగ చివర చూపు మందగించిన ఇద్దరు మనుషులు కనిపించారు. వాళ్ల కథ చెప్పాలనే ఇదంతా.

* * *

మనుషులు ఎక్కే విమానాల కన్నా ముందు పుట్టినవి బొమ్మ విమానాలే. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకి ఆయన అధిపతి. 1896 మే నెలలో ఆయన చేసిన మనిషి లేని చిన్న విమానం పొటోమాక్ నది మీద సుమారు ఒక కిలోమీటరు దూరం ఎగిరింది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఆ రోజు స్వయంగా అక్కడుండి చూశాడు. అది ఆవిరితో నడిచే విమానం. ఆ ఆవిరి కోసం నీళ్లు కాచే పొయ్యి మాత్రం పెట్రోలుది. అంటే, ఆ విమానంలో పెట్రోలు ఆకాశంలోకి వెళ్లింది పొయ్యి రూపంలోనేనన్నమాట!

తరువాత లాంగ్లీ పెట్రోలు ఇంజనే పెట్టి ఇంకో బొమ్మ చేయించాడు. 1901లో అది కొద్ది దూరం ఎగిరింది, 1903 ఆగస్టులో మరికాస్త ఎక్కువ దూరం ఎగిరింది. దానికి నాలుగింతల పెద్ద విమానం కట్టి, మనిషిని కూర్చోబెట్టి, అదే ఏడాది రెండుసార్లు వదిలితే రెండుసార్లూ నదిలో పడింది. రెండోసారి పడిన తొమ్మిదో రోజున రైట్ సోదరులు ఎగిరారు. ఆ కథ అందరికీ తెలిసిందే. బొమ్మ ఎగిరిందనీ, పెద్దది ఎగరలేదనీ మాత్రం చాలామంది మరిచిపోయారు.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ల పాటు కుర్రాళ్లు ఎగరేసిన బొమ్మలన్నీ ఇంచుమించు రబ్బరు మెలికతో తిరిగేవే. మెలి విప్పుకున్నంతసేపు ఎగిరి దిగిపోయేవి. ఫిలడెల్ఫియాలో బిల్ బ్రౌన్ అనే కుర్రాడు చేతిలో ఇమిడే పెట్రోలు ఇంజను తయారు చేశాడు. అతని స్నేహితుడు మాక్స్‌వెల్ బాసెట్ దాన్ని తన బొమ్మకి బిగించుకుని 1933లో జాతీయ పోటీలకి వెళ్లి బహుమతులు కొట్టుకొచ్చేశాడు. రబ్బరు బొమ్మలు తెచ్చిన పిల్లలు లబోదిబోమన్నారు. ఇక లాభం లేదని, ఆ తరువాత పెట్రోలు బొమ్మలకి వేరే పోటీ పెట్టారు. బ్రౌన్ తన ఇంజన్లని 21 డాలర్ల 50 సెంట్లకి అమ్మాడు. దేశమంతా పనుల్లేక అల్లాడుతున్న రోజులవి. అయినా పేపర్లు పంచిన డబ్బులు దాచుకుని మరీ కొనుక్కున్న పిల్లలున్నారట.

ఇంజను కొన్న ప్రతివాడికీ మొదటి ప్రశ్న ఒకటే. ఏం పొయ్యాలి? మూడు పాళ్లు పెట్రోలు, ఒక పాలు చిక్కటి కందెన నూనె అని కొలత చెప్పేవారు. కాని అన్ని పెట్రోళ్లూ పనికిరావు, 'తెల్ల పెట్రోలు' కావాలి. తెల్లదంటే రంగు కలపనిదని. రంగు ఎందుకు కలుపుతారయ్యా అంటే, అందులో విషం ఉందని గుర్తుగా!

ఇక్కడ బొమ్మల కథలోంచి ఒక్క నిమిషం పక్కకి రావాలి.

* * *

పెట్రోలుకి ఒక జబ్బుంది. పెద్ద ఇంజన్లలో ఒత్తిడి ఎక్కువైతే, తన వంతు రాకముందే భగ్గుమంటుంది. లోపల పప్పు ఉడక్కముందే విజిల్ వేసేసే కుక్కరు లాంటిదనుకోండి. దాంతో ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. ఆ తొందరపాటుని పెట్రోలు ఎంతవరకు ఆపుకోగలదో చెప్పే అంకెనే ఆక్టేన్ అంటారు. అంతేగాని, ఆక్టేన్ ఎక్కువైతే బలం ఎక్కువని కాదు, ఓర్పు ఎక్కువని అర్థం. చిన్న సిలిండరున్న బొమ్మ ఇంజనుకి అంత ఓర్పుతో పనే లేదు. మావాడు ఖరీదు పెట్టి కొన్నది, వాడికి అక్కర్లేని ఓర్పుని!

1921 డిసెంబరులో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ అనే ఆయన ఆ టకటకకి మందు కనిపెట్టాడు. ఒక సీసపు ద్రవాన్ని కాస్త కలిపితే చాలు, పెట్రోలు బుద్ధిగా మండుతుంది. 1923లో అది అమ్మకానికి వచ్చింది. సీసం అన్న మాట పైకి రాకుండా 'ఎథిల్' అని ముద్దుపేరు పెట్టారు. మరుసటి ఏడాదే న్యూజెర్సీలో ఆ ద్రవాన్ని తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్లు మతి చలించి చనిపోయారు. అలాంటి మరో కర్మాగారంలో పనివాళ్లు లేని పురుగుల్ని గాలిలో చేత్తో తోలుకుంటూ ఉంటే, తోటివాళ్లు ఆ భవనానికి 'సీతాకోకచిలుకల ఇల్లు' అని పేరు పెట్టారు.

1925 మేలో వాషింగ్టన్‌లో దీని మీద పెద్ద సభ జరిగింది. పెట్రోల్లో సీసం వద్దని గట్టిగా వాదించినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. ఆమె డాక్టర్ ఆలిస్ హామిల్టన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం సంపాదించిన మొదటి మహిళా అధ్యాపకురాలు. ఫ్యాక్టరీలూ, పనివాళ్ల ఇళ్లూ తిరిగి, సీసం మనిషిని ఎలా తినేస్తుందో కళ్లారా చూసిన మనిషి. ఆమె మాట ఆనాడు నెగ్గలేదు. సీసం సీసాల్లోంచి కోట్ల కార్లలోకి, వాటి పొగలోంచి పిల్లల రక్తంలోకి పోయింది. ఆమె 1970లో నూటొక్క ఏళ్ల వయసులో కన్నుమూసింది. అమెరికా తన రోడ్ల మీద సీసపు పెట్రోలుని పూర్తిగా మానేసింది 1996లో. మన దేశం 2000లో మానేసింది. ప్రపంచంలో అందరికన్నా ఆఖరున మానేసిన దేశం అల్జీరియా, అది 2021లో. ఒక ఇల్లాలు 'ఈ పాలు విరిగాయి' అంటే ఇంట్లో వాళ్లు తొంభై ఆరేళ్లకి ఒప్పుకున్నట్టుంది కదూ!

కాబట్టి తెల్ల పెట్రోలు కోసం ఊళ్లో వెతుక్కుంటూ తిరిగిన ఆ కుర్రాళ్లు, తెలిసి చేసినా తెలియక చేసినా మంచి పనే చేశారు. వాళ్ల బాధ ఆరోగ్యం గురించి కాదు లెండి. సీసం మసి చిన్న ఇంజన్లలోని ప్లగ్గుని పూడ్చేస్తుందని!

* * *

అసలు ఈ ప్లగ్గు గొడవే లేకుండా చేసినవాడు రే ఆర్డెన్. నిప్పురవ్వ పుట్టించడానికి బొమ్మలో బ్యాటరీ, తీగచుట్టలు మొయ్యాల్సి వచ్చేది. 1947లో ఆర్డెన్ ఒక చిన్న ప్లాటినం తీగ పెట్టిన ప్లగ్గు అమ్మకానికి తెచ్చాడు. మొదట ఒక్క క్షణం బ్యాటరీ తగిలించి దాన్ని ఎర్రబరిస్తే చాలు. మిథైల్ ఆల్కహాలు ఆవిరి తగులుతున్నంతసేపూ ఆ ప్లాటినం తనంతట తనే ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది. పెట్రోలుకి ఆ గుణం లేదు. మావాడి ఇంజను ఆ జాతిదే! దానికి ఖరీదైన పెట్రోలు పోసినా, గంగాజలం పోసినా ఒక్కటే.

ఆ ఆల్కహాల్లో కలిసే కందెన నూనె ఏదనుకున్నారు? మన ఆముదమే! అయిదు పాళ్లలో నాలుగు ఆల్కహాలు, ఒకటి ఆముదం కలపడం అందరూ వాడిన కొలత. ఆముదం ఆల్కహాల్లో చక్కగా కలిసిపోతుంది, ఎంత వేడికీ అంత తేలిగ్గా ఓడిపోదు. మొదటి ప్రపంచయుద్ధంలో గిరగిరా తిరిగే ఇంజన్లున్న యుద్ధవిమానాలు నడిచింది కూడా ఆముదపు కందెనతోనే. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనం వెక్కిరిస్తాం గాని, నల్గొండ, పాలమూరు చెలకల్లో వాన మీద ఆధారపడి పండిన ఆ గింజకి ఆకాశంలో అంత మర్యాద ఉందన్నమాట. ప్రపంచంలో ఎక్కువ ఆముదం పండించే దేశం ఇప్పటికీ మనదే.

ఇంకో రకం ఉంది, బొమ్మ డీజిలు. దానికి ఈథరు ఒక పాలు, కిరసనాయిలు ఒక పాలు, ఆముదం ఒక పాలు. ఒకటి ఆస్పత్రిది, ఒకటి వంటింటిది, ఒకటి అమ్మమ్మ మందుల అలమారాది!

అయితే మిథైల్ ఆల్కహాల్లో ఒక లోపముంది. బరువుకి బరువు తూస్తే, పెట్రోల్లో ఉన్న శక్తిలో సగం కూడా దానిలో ఉండదు. పది నిమిషాలు ఎగిరి దిగే బొమ్మకి ఫరవాలేదు. మరి సముద్రం దాటాలంటే?

* * *

ఇప్పుడు మొదట చెప్పిన ఇద్దరిలో ఒకాయన దగ్గరికి వస్తాను.

విలియం కోల్‌మన్ అని అమెరికాలో ఒక పేద విద్యార్థి. లా చదువుకి ఫీజులు కట్టుకోవడానికి ఊరూరా తిరిగి టైపు మిషన్లు అమ్మేవాడు. చూపు బాగా తక్కువ. ఒకనాటి రాత్రి అలబామాలో ఒక మందుల షాపు కిటికీలో తెల్లగా, నిలకడగా వెలుగుతున్న దీపం చూశాడు. పెట్రోలు ఆవిరితో వెలిగే మాంటిల్ దీపమది. ఆ వెలుగులో సన్న అక్షరాలు కూడా తనకి కనిపించాయి! చూపున్నవాళ్లకి అది ఒక దీపమే. అతనికది మరో జత కళ్లు. టైపు మిషన్లు మానేసి దీపాలు అమ్మడం మొదలుపెట్టాడు.

1900లో ఓక్లహోమాలోని కింగ్‌ఫిషర్ అనే ఊరికి దీపాలు పట్టుకుని వెళితే, వారం రోజుల్లో రెండే అమ్ముడుపోయాయి. ఎందుకని ఆరా తీస్తే, అంతకుముందు ఇంకెవడో వచ్చి అలాంటి దీపాలే అంటగట్టి పోయాడు, అవి మసి పట్టి పూడిపోయి ఆరిపోయాయి. ఊరంతా చెయ్యి కాల్చుకుని ఉంది. కోల్‌మన్ ఆలోచించి, "దీపం కొనకండి, అద్దెకి తీసుకోండి. వారానికో డాలరు. వెలక్కపోతే ఇవ్వక్కర్లేదు" అన్నాడు. శుభ్రం చేసే పూచీ తనదే. ఆ మాటతో నిలబడ్డాడు. తరువాత చేత్తో పట్టుకుపోయే లాంతర్లు, స్టవ్‌లు కూడా తయారుచేసే పెద్ద కంపెనీ అయింది అది.

ఒకప్పటి పంపు స్టవ్‌తో సంసారం చేసినవాళ్లకి పూడిపోవడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా చారు మరిగే వేళకి మంట ఎర్రబడిపోయేది. పిన్ను పెట్టి పొడుచుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. దీపమైనా అంతే. చమురు సన్నటి గొట్టంలో కాగి, ఆవిరై, సూది బెజ్జంలోంచి రావాలి. చమురులో సీసమున్నా, జిగురున్నా, రంగున్నా ఆ బెజ్జం పూడుతుంది. అందుకని ఆ దీపాలకోసం ఏమీ కలపని శుభ్రమైన చమురుని వేరే డబ్బాల్లో అమ్మేవారు. ఆక్టేన్ లెక్కన చూస్తే అది కారుకి పనికిరాని నాసిరకం. శుభ్రతలో మాత్రం దానికి సాటి లేదు.

రెండో ఆయన మేనార్డ్ హిల్. 1926లో పుట్టాడు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో లోహ శాస్త్రవేత్తగా పనిచేశాడు. బొమ్మ విమానాలంటే ప్రాణం. 1970లో ఆయన బొమ్మ ఎనిమిది వేల మీటర్ల పైకెక్కి రికార్డు స్థాపించింది. అలాంటి రికార్డులు పాతిక దాకా ఉన్నాయి ఆయన పేర. కాని ముసలితనంలో కంటిచూపు పోయింది, వినికిడి తగ్గింది. చట్టం లెక్కలో అంధుడు. ఇంకెవరైనా అయితే పడక కుర్చీలో కూర్చుని పాత బహుమతులు తడుముకునేవారు. ఈయనకి మాత్రం బొమ్మ విమానంతో అట్లాంటిక్ మహాసముద్రం దాటించాలన్న కోరిక పుట్టింది!

నిబంధన ప్రకారం చమురుతో సహా బొమ్మ బరువు అయిదు కిలోలు దాటకూడదు. అంటే సుమారు సగం బరువు చమురుకే పోయినా, గ్యాలనుకి లోపే మొయ్యగలదు. దూరమేమో మూడు వేల కిలోమీటర్లు. ఆల్కహాలు పోస్తే సగం దారిలోనే అయిపోతుంది. అందుకని జపాన్‌లో తయారైన ఒక పది సీసీ ఇంజనుకి పాతకాలపు పద్ధతిలో నిప్పురవ్వ ప్లగ్గు అమర్చారు. మరి ఏ పెట్రోలు? బంకులో పెట్రోలుకి ఆక్టేన్ ఉంటుంది, దానితోపాటు నానా కలుపులూ ఉంటాయి. రోజున్నర పైగా ఆగకుండా, చుక్కచుక్కగా, అతి సన్నటి బెజ్జంలోంచి చమురు పోవాలి. మధ్యలో పూడితే సముద్రం మధ్య పిన్ను పెట్టి పొడిచేవాళ్లెవరు?

హిల్ ఎంచుకున్నది కోల్‌మన్ లాంతరు చమురు! చూపు చాలని ఒక మనిషి వెలుగు కోసం మొదలుపెట్టిన వ్యాపారంలోని డబ్బా, నూరేళ్ల తరువాత చూపు పోయిన ఇంకో మనిషి చేతికి వచ్చింది.

2002లో మూడు బొమ్మలు వదిలారు. ఏదీ అవతలి ఒడ్డు చేరలేదు. 2003 ఆగస్టులో నాలుగోదీ సముద్రం పాలయింది. మిగిలింది అయిదోది. దాని రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి ఆరడుగులు. మేరీల్యాండ్‌లో తమని బొమ్మలు ఎగరేసుకోనిచ్చిన పొలం పేరు మీద దానికి 'స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫార్మ్' అని పేరు పెట్టుకున్నారు. ఆగస్టు 9 సాయంత్రం, కెనడా తూర్పు కొసనున్న కేప్ స్పియర్‌లో, డెబ్భై ఏడేళ్ల హిల్ దాన్ని తన చేత్తో గాలిలోకి వదిలాడు. కాసేపు స్నేహితులు రేడియోతో నడిపి, తరువాత దానిలోని యంత్రానికే అప్పగించేశారు. ఉపగ్రహం ద్వారా అదెక్కడుందో కబురు వస్తూ ఉండేది. మధ్యలో కొన్ని గంటలు ఏ కబురూ లేదు. ఆ గంటలు వాళ్లెలా గడిపారో, పిల్లలు వేళకి ఇంటికి రాని రాత్రి గడిపిన తల్లులకి తెలుస్తుంది.

ఆగస్టు 11న, 38 గంటల 52 నిమిషాల తరువాత, ఐర్లండ్‌లో క్లిఫ్డెన్ ఊరి దగ్గర సముద్రతీరంలో అది క్షేమంగా దిగింది. గంటకి ఒక చిన్న కాఫీ గ్లాసుడు చమురు కూడా తాగలేదు! 1919లో ఆల్‌కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు ఎక్కడా ఆగకుండా మొదటిసారి అట్లాంటిక్ దాటి దిగింది కూడా ఆ క్లిఫ్డెన్ దగ్గరే. వాళ్లు తీసుకెళ్లిన పెట్రోలు 865 గ్యాలన్లు. ఈ బొమ్మకి సరిపోయింది గ్యాలను లోపు.

హిల్ 2011లో వెళ్లిపోయాడు. తన బొమ్మ దిగడం ఆయన కళ్లతో చూడలేదు. అప్పుడాయన కెనడా ఒడ్డున ఉన్నాడు. కబురు మాత్రం అందింది.

* * *

మావాడికి ఇదంతా చెప్పాను. బొమ్మ విమానాలు ఎగరేసే బృందం ఒకటి ఊళ్లో ఉంటే, వాళ్ల దగ్గరికి పంపించాను. అక్కడివాళ్లు ఇంజను చూసి, సరిపడే చమురు కలిపి ఇచ్చారట. మిథైల్ ఆల్కహాలు పొరపాటున కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. అందుకని ఆ డబ్బా ఇంట్లో పెట్టనివ్వలేదు నేను.

ఆదివారం పొద్దున నన్నూ మైదానానికి తీసుకెళ్లాడు. ప్రొపెల్లరు రెండుసార్లు తిప్పాడో లేదో, తుమ్మెదల తుట్టె కదిలినట్టు రొద చేస్తూ ఇంజను అందుకుంది. విమానం లేచి రెండు చుట్లు తిరిగి, మూడోదానికి ముళ్లకంపలో పడిందనుకోండి. ఆ సంగతి వాడు వాళ్లమ్మకి చెప్పొద్దన్నాడు.

నా మనసు మాత్రం ఆ పొగ దగ్గరే ఆగిపోయింది. కాలిన ఆముదం వాసన! మా అమ్మమ్మ ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, కాటుక చేసి, మా అందరి కళ్లకీ పెట్టేది. పెడితే కళ్లు చల్లగా ఉంటాయని ఆవిడ నమ్మకం.

"ఏమిటత్తా, కళ్లలో నీళ్లు? పొగ పడిందా?" అన్నాడు మావాడు.

"ఆఁ, పొగేరా" అన్నాను.